దవాఖాన తీగ

14 సెప్టెంబరు 2011, బుధవారం

మా కొడుకు మాజిద్ ఈ డైరీ ఇచ్చాడు. "అబ్బా, ఎవరు ఫోన్ చేసిన్రు, ఎవరి లైను పోయింది, గిండ్ల రాయి. పొద్దూకినంక నేనొచ్చి చూసుకుంటా" అన్నాడు. నిన్నటి నుంచి అందరూ సమ్మెలో ఉన్నారు. వాడు పగలంతా చౌరస్తాలో తెలంగాణ శిబిరంలో కూర్చుంటాడు. వాడి ఇంటర్నెట్ రూములో నేను కూర్చోవాలి.

ఫోన్లు రాలేదు. కరెంటు పోయింది, వచ్చింది.

15 సెప్టెంబరు

చిలుకమ్మ ఇంటి తీగ కోతులు లాగేశాయి. మాజిద్‌కు చెప్పాలి.

17 సెప్టెంబరు, శనివారం

ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. నాకు రాయడం వచ్చింది మాత్రం తెలుగే, నర్మెట్ట బడిలో అయిదో తరగతి దాకా. ఇంగ్లీషు రాదు. అందుకని మాజిద్ ఈ రోజు పక్కన కూర్చుని అన్నీ చూపించాడు. మళ్ళీ మరిచిపోకుండా రాసి పెట్టుకుంటున్నాను.

గోడకు ఒక ఇనుప డబ్బా ఉంది. దాన్ని స్విచ్ అంటారు. లైటు వేసే స్విచ్ కాదు. దానికి వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక్కో తీగ. మిద్దెల మీదుగా ఆ తీగలు బజారుకు, ఇళ్ళకు పోతాయి. మానుకోట నుంచి బయటికి పోయేది మాత్రం ఒక్కటే తీగ. అందరి సరుకూ దాంట్లోంచే పోవాలి.

"అందరు ఒక్కపారే పోతమంటే ఎట్ల అబ్బా? తొవ్వ సన్నది. దావత్‌ల ఏం చేస్తం? మొదటి బంతి తిని లేస్తది, రెండోది కూసుంటది, ఎనుక ఆఖరిది. గిదీ గంతే."

"ఆఖరి బంతికి కూర మిగులుతదా?" అని అడిగాను.

వాడు గట్టిగా నవ్వాడు. "మిగులుతది. మొదటోల్లు లేస్తే."

ఎవరిది ఏ బంతో లాప్‌టాప్‌లో ఒక పేజీ మీద ఉంటుంది. తీగల నంబర్లు కిందికి వరసగా ఉంటాయి, ప్రతి నంబరు పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం. నిచ్చెన లాంటిది మొదటి బంతి. రెండు గుట్టల లాంటిది నడిమి బంతి. వడ్ల వాళ్ళ మూలమట్టం లాంటిది ఆఖరి బంతి. బాణం గుర్తు దాని మీద పెట్టి నొక్కితే మారుతుంది. నాలుగుసార్లు మార్చి మార్చి చూశాను. వచ్చింది.

నిచ్చెన ఒక్కదానికే ఉంది, మూడో నంబరుకు. అది దవాఖాన తీగ. "ఆడ స్కానింగ్ తీస్తరు. బొమ్మలు హైదరాబాద్ పంపితే ఆడ పెద్ద డాక్టర్ చూసి చెప్తడు. మన మానుకోటల తల డాక్టర్ లేడు గద. తొవ్వలన్ని బందున్నయి. ఇప్పుడు తొవ్వంటే గీ తీగనే" అన్నాడు.

ఇన్నేళ్ళు పరుపులు కుట్టాను. దూది ఎక్కడ కుదించాలో, ఎక్కడ వదలాలో చేతికి తెలిసేది. ఇదీ అలాంటిదే అనిపించింది.

19 సెప్టెంబరు, సోమవారం

నరేందర్ వచ్చాడు. మాజిద్ దోస్తు. శిబిరంలో జరిగేదంతా కెమెరా పెట్టి ఇంటర్నెట్‌లో చూపిస్తున్నాడు.

"చాచా, దుబాయ్‌ల మనోల్లు సుత చూస్తున్నరు. నడిమిట్ల ఆగిపోతున్నది. మొన్న ఒకాయన నోరు తెరిచిండు, గట్లనే బిగుసుకపాయె. ఊరంత నవ్విన్రు. జర మా లైను ముందు పెట్టు చాచా, నీ కాల్మొక్త."

కాళ్ళు పట్టుకోబోయాడు కూడా. వద్దు వద్దని నిచ్చెన పెట్టేశాను.

పొద్దూకాక మాజిద్ చూసి తీసేశాడు. కోప్పడలేదు. "అబ్బా, అడిగినోల్లందరిని మొదటి బంతిల కూసోబెడితే ఇగ ఎవరు లేస్తరు? కెమెరా అన్నది పొద్దుగాల్నుంచి పొద్దూకేదాంక తింటనే ఉంటది. నరేందర్ నా దోస్తు. అడిగితే లేదని చెప్పు."

ఎలా చెప్పాలో చెప్పలేదు. నేను నా జన్మలో ఎవరికీ లేదని చెప్పలేదు. పరుపు కుట్టించుకుని పైసలు తర్వాత అన్నవాళ్ళకు కూడా.

22 సెప్టెంబరు

ఫోన్లు లేవు.

24 సెప్టెంబరు, శనివారం

మాజిద్‌కు దెబ్బ తగిలింది.

25 సెప్టెంబరు, ఆదివారం

మాజిద్ దవాఖానలో ఉన్నాడు, ఇక దీన్ని చూసేవాడు లేడు. అయినా రాస్తున్నాను. మాట్లాడబుద్ధి కావడం లేదు.

నిన్న రైలు రోకో. గేటు దగ్గర జనం తోసుకున్నారట. లాఠీ తగిలిందో, రాయి తగిలిందో, పరుగెత్తి పట్టాల మీద పడ్డాడో, ఎవరిని అడిగినా చూడలేదంటున్నారు. చెవి వెనక దెబ్బ. నరేందర్ వాళ్ళు ఎత్తుకుని దవాఖానకు తెచ్చారు.

వాడికి మెలకువ ఉంది. నన్ను చూసి "రూముల ఎవరున్నరు?" అన్నాడు. వాళ్ళమ్మ ఖైరున్నీసా ఏడుస్తూనే తిట్టింది, ఇప్పుడు కూడా అదేనా అని.

స్కానింగ్ కంప్యూటర్ చూసే అమ్మాయి పేరు రేణుక. మెల్లగా మాట్లాడుతుంది. బొమ్మ తీసి మా కళ్ళ ముందే హైదరాబాద్ పంపింది. చాయ్ తాగి వచ్చేలోపల పెద్ద డాక్టర్ ఫోన్ చేశాడు. తలలో కొంచెం రక్తం ఉంది, ఇప్పుడు ఊపకూడదు, కదపకండి, రోజూ పొద్దున ఒక బొమ్మ తీసి పంపండి అన్నాడు. రక్తం పెరిగితే మాత్రం ఆ క్షణమే బయలుదేరాలట. అప్పుడు ఆలస్యం పనికిరాదట.

"పెరుగుతదా అమ్మా?" అని ఖైరున్నీసా అడిగింది.

"చాలమందికి పెరగది అమ్మీ. చూస్త ఉండాలె గంతే" అని రేణుక ఆమె భుజం పట్టుకుంది.

26 సెప్టెంబరు, సోమవారం

పొద్దున పంపిన బొమ్మ వెంటనే వెళ్ళింది. అట్లనే ఉంది, పెరగలేదన్నారు. మాజిద్ రెండు ముద్దలు తిన్నాడు. నన్ను రూముకు పొమ్మన్నాడు.

తలుపు తెరవగానే ఒకరి తర్వాత ఒకరు. చిలుకమ్మ వచ్చింది. ఆమె కూతురు చెల్పూర్ దగ్గర ఉంటుంది. అల్లుడు భూపాలపల్లి గనిలో, సమ్మెలో ఉన్నాడు. బిడ్డ నిండు చూలాలు. "బస్సుల్లేవు, పోదామంటే తొవ్వ లేదు. కంప్యూటర్ల మొఖమన్న చూసుకుంట ఉందమంటే అది సుత బొమ్మ ఆగి ఆగి వస్తున్నది అక్తరన్నా" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిచ్చెన పెట్టాను.

నరేందర్ వచ్చాడు. రేపు చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తింటారు. "మాజిద్ పేరు మీద చేస్తున్నం చాచా. ఇంకో రెండు కెమెరాలు తెప్పించిన. లోకమంత చూడాలె వాని సంగతి." వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిచ్చెన పెట్టాను. మాజిద్ పేరు మీద అన్నాక ఏం మాట్లాడతాను.

తర్వాత కింది జిరాక్స్ షాపు సోమనర్సయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు. మాజిద్ ఎట్లున్నడని అడిగారు. సోమనర్సయ్యకు ఇంగ్లీషు వస్తుంది. నా వెనక నిలబడి పేజీ చూశాడు.

"ఔ అక్తర్ భాయ్, దవాఖానది మీద్నే కూసోబెట్టినవా? నా షాపేమో నడిమిట్ల ఏలాడుతున్నది. దావత్ మీది, మొదటి బంతి సుత మీ ఇంటోల్లకేనా?"

పక్కవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వి నా వీపు తట్టాడు. చెడ్డ మనిషి కాడు. నవ్వులాటకే అన్నాడు. వాళ్ళు మెట్లు దిగిపోయేదాకా నా మొహం కాలుతూనే ఉంది.

మా అక్క నిఖా రోజు నేను చిన్నవాణ్ణి. ఆకలేసి చుట్టాలతో పాటు మొదటి బంతిలో కూర్చున్నాను. మా నాయిన వచ్చి రెక్క పట్టుకుని లేపాడు, అందరి ముందే. "మనింట్ల దావత్‌రా. మనం ఆఖరికి." అంతే అన్నాడు. అప్పటినుంచి నేను ఏ దావత్‌లోనూ ముందు కూర్చోలేదు.

అది మాజిద్ పెట్టినప్పుడు దవాఖాన తీగ. ఇప్పుడు అందులో మా మాజిద్ ఉన్నాడు. ఇప్పుడది ఇంటి తీగ అయింది.

సోమనర్సయ్యకు నిచ్చెన పెట్టాను. దవాఖానను అందరితో పాటు ఉంచితే చాలదా అని ఒకసారి అనుకున్నాను. దానికి మూలమట్టం పెట్టాను, ఆఖరి బంతి.

డబ్బా మీద దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. లైను బాగానే ఉంది.

27 సెప్టెంబరు, మంగళవారం

దవాఖానలో కూర్చుని రాస్తున్నాను. మాజిద్ పొద్దున్నుంచి నిద్రపోతున్నాడు. పిలిస్తే ఊఁ అంటున్నాడు, కళ్ళు తెరవడం లేదు. ఖైరున్నీసా దువా చదువుతోంది.

రేణుక బొమ్మ తీసి పంపింది. కంప్యూటర్ మీద నీలం గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పోవాలి. చివరికి పోతే బొమ్మ చేరినట్టు. కొంచెం పోయి ఆగింది.

"లైను జర స్లో ఉంది చాచా. రూముల ఎవరన్న ఉన్నరా?"

"అందరికి గట్లనే ఉంది" అన్నాను.

వంట కదా. చౌరస్తాలో జనం కిక్కిరిసి ఉన్నారు. దవాఖాన దాకా మైకు వినిపిస్తోంది. మూడు కెమెరాలు.

రేణుక పెద్ద డాక్టర్‌కు ఫోన్ చేసింది. బొమ్మ చూడకుండా నేనేం చెప్పేది, పంపుతూ ఉండండి అన్నాడట.

నీలం గీత కదలలేదు. తెగిపోయింది. రేణుక మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

ఉల్లిగడ్డ వేగిన వాసన వస్తోంది ఇక్కడిదాకా. వంట అయిపోవచ్చింది. తిన్నాక లేస్తారు. లేస్తే పోతుంది.

రేణుక వచ్చి నా పక్కన నిలబడింది. "చాచా, సీడీ చేసి ఇస్త, ఎవరినన్న బండి మీద హన్మకొండ పంపుదమా? ఆడ చూపిచ్చుకోవచ్చు."

"ఎందుకమ్మా. పోతది" అన్నాను.

రూము తాళంచెవి జేబులో ఉంది. రూము దూరం కాదు. చౌరస్తా దాటి పోవాలి. అందరూ చూస్తారు, కొడుకు కోసం పోతున్నాడు అనుకుంటారు. పోయి నిచ్చెన పెడితే కెమెరాలు ఆగుతాయి, మాజిద్ పేరు మీద చేస్తున్నప్పుడే ఆగుతాయి. ఇంకొంచెం సేపు చూద్దాం.

మాజిద్ వాంతి చేసుకున్నాడు. ఖైరున్నీసా తుడిచింది.

అందరూ తింటున్నారు. మైకులో పాట పెట్టారు.

గీత సగం దాటింది.

మాజిద్ ఊఁ అనడం లేదు.

ఎండ గోడ మీదికి పోయింది. మైకు ఆగింది. గీత చరచరా పోయింది. చివరిదాకా పోయింది. పోతదని చెప్పాను కదా.

డాక్టర్ ఫోన్. ఇది పొద్దటి బొమ్మా ఇప్పటిదా అని అరిచాడు, నా దాకా వినిపించింది. వెంటనే బయలుదేరమన్నాడు. బండి వస్తోంది.

30 సెప్టెంబరు

నర్మెట్టలో పెట్టాం. మా నాయిన పక్కన.

జనగామ రాకముందే పోయాడు. చౌరస్తాల్లో ఎక్కడా ఎవరూ ఆపలేదు. దవాఖాన బండి అని చూసి రాళ్ళు పక్కకు జరిపారు, పిల్లలు కూడా. మాకు తొవ్వ బాగానే ఇచ్చారు.

2 అక్టోబరు

రాయడానికి ఏమీ లేదు.

3 అక్టోబరు, సోమవారం

మానుకోట వచ్చాం. చౌరస్తాలో మాజిద్ ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తెలంగాణ అమరుడు అని రాశారు. వాడి డ్రైవింగ్ లైసెన్సు మీది ఫోటో. నవ్వు లేదు దాంట్లో.

జనం వచ్చి పోతున్నారు. నరేందర్ నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు. "గంత దుఃఖంల సుత నువ్వు మా లైను ఆపలే చాచా. పొద్దుగాల్నుంచి ఒక్క నిమిషం ఆగలే. గసుంటి తండ్రి ఎవరికుంటడు?" వాడితో వచ్చినవాళ్ళు నాకు దండం పెట్టారు.

చిలుకమ్మ వచ్చింది. బిడ్డకు మగపిల్లగాడు పుట్టాడట, ఆ మంగళవారమే. బిడ్డ దవాఖానకు పోయేదాకా కంప్యూటర్‌లో మొహం చూస్తూ తోడుగా కూర్చుందట. "మీ పుణ్యం అన్నా" అంది.

తలలో రక్తం ఎప్పుడు పెరిగిందో ఎవరికి తెలుసు. రాత్రే పెరిగి ఉంటుంది. అప్పుడు బొమ్మ ముందే పోయినా ఏం లాభం. లైను ఆ రోజు అందరికీ అట్లనే ఉంది.

4 అక్టోబరు

లైను అందరికీ అట్లనే ఉంది.

5 అక్టోబరు, బుధవారం

దవాఖాన కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్ళాం. రేణుక మమ్మల్ని చూసి లేచి నిలబడింది. "అమ్మీ" అని దగ్గరికి వచ్చింది. ఏదో చెప్పబోయింది. "పెద్ద డాక్టర్ సారు అన్నడు, పొద్దుగాలనే చూసి ఉంటే..." అని ఆపేసింది. మిగతాది నేను అడగలేదు.

ఖైరున్నీసా అడిగింది. వరండాలో రోగులందరి ముందూ అరిచింది. "పొద్దుగాల తీసిన బొమ్మ పొద్దూకినంక పోతదా? నువ్వేం చేస్తున్నవే అప్పటిదాంక? చేతులు కట్టుకొని కూసున్నవా? ఎవరితోనన్న పంపరాదా? బండి లేదా, మనిషి లేడా? నీ తమ్ముడైతే గిట్లనే కూసుంటుంటివా?"

రేణుక ఏడ్చింది. ఏడుస్తూ ఒక్కసారి నా వైపు చూసింది. సీడీ సంగతి చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "తప్పయింది అమ్మీ" అంది.

దవాఖాన నడిపే ఆయన బయటికి వచ్చి సంగతేమిటో విన్నాడు. రేణుకను లోపలికి పిలిచాడు. పది మంది ముందు మాట రావడం మంచిది కాదు, ఈ నెల చూసి పంపించేస్తాను అని ఖైరున్నీసాతో అన్నాడు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

6 అక్టోబరు

దసరా. సోమనర్సయ్య జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయి బలాయి ఇచ్చాడు. నా భుజం తడిసింది. "నా కొడుకు లెక్కనే ఉండె భాయ్" అన్నాడు. అతనికి ఆ రోజు అన్న మాట గుర్తు కూడా లేదు.

9 అక్టోబరు, ఆదివారం

మాజిద్ పోయాక మొదటిసారి రూము తీశాను. పేజీ తెరిచాను. నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నిచ్చెనలు మూడు, మూలమట్టం ఒకటి. ఇన్ని రోజులు దవాఖాన అక్కడే ఉంది. ఈ పన్నెండు రోజుల్లో ఇంకా ఎవరి బొమ్మలు ఆగాయో.

దావత్‌లో మొదటి బంతి లేస్తుంది. కడుపు నిండాక ఎవరైనా లేవాల్సిందే. తీగలో వాళ్ళకు కడుపు లేదు. మాజిద్ ఆ సంగతి చెప్పాడు. కెమెరా తింటనే ఉంటదన్నాడు. నేను విన్నాను. నాకు అర్థమైంది కూడా. ఆ మంగళవారం గీత ఆగినప్పుడే అర్థమైంది. తెలియక కాదు.

మూడు నిచ్చెనలూ తీసేశాను. దవాఖానకు పెట్టాను.

కాసేపటికి నరేందర్ పైకి వచ్చాడు, ఆయాసపడుతూ. వెనక ఇంకొందరు. "చాచా, లైవ్ ఆగిపాయె. నువ్వేమన్న ముట్టుకున్నవా?"

"తీసేసిన."

"ఎందుకు? మల్ల పెట్టు. గంట సేపట్ల సభ ఉంది, మాజిద్ సంతాప సభనే. వరంగల్ నుంచి వస్తున్నరు."

"లేదు బిడ్డ."

అది నా నోట్లోంచే వచ్చింది. నరేందర్‌కు సరిగ్గా వినపడలేదనుకుంటాను, నవ్వాడు. మళ్ళీ అన్నాను.

"ఏమైంది చాచా నీకు? ఎవరన్న బెదిరిచ్చిన్రా? పోలీసోల్లు వచ్చిన్రా?"

"రాలే."

వెనక ఉన్నవాడొకడు "కొడుకు పోంగనే తెలంగాణ సుత పోయినట్టుంది" అన్నాడు. నరేందర్ వాణ్ణి నోరు మూసుకోమన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. వాడి గొంతు మారింది. "ఊరంత నీకు దండం పెట్టిన్రు. ఆని సభకు ఆని అయ్యనే లైను తీసిండని తెలిస్తే ఏమంటరు? మాజిద్ ఉంటే గిట్ల చేస్తుండెనా?"

"చేస్తుండె" అన్నాను.

ఇంకా చెప్పాల్సింది ఉంది. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయారు. సభ నాకు మైకులో వినిపించింది. నా పేరు ఎవరూ చెప్పలేదు.

10 అక్టోబరు

సోమనర్సయ్య పలకరించలేదు. చిలుకమ్మ తలుపు దగ్గర నిలబడి లోపలికి వెళ్ళిపోయింది. పరవాలేదు.

ఖైరున్నీసాకు చెప్పాలి.

11 అక్టోబరు

చెప్పలేదు.

12 అక్టోబరు, బుధవారం

చెప్పాను.

పగటి అన్నం దగ్గర. ఆమె ఈ మధ్య తినదు, నాకు పెట్టి ఎదురుగా కూర్చుంటుంది. బయట ఎవరో రేణుక మాట ఎత్తారట. "నెల కాంగనే తీసేస్తున్నరంట ఆ పిల్లను. తీసెయ్యనీ" అంది.

"ఆ పిల్లది తప్పు లేదు" అన్నాను.

"మరెవరిది?"

అన్నం మీద చేయి పెట్టి అంతా చెప్పాను. పేజీ గురించి, బంతుల గురించి. మాట మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆమెకు మొదట అర్థం కాలేదు.

"ఆఖరికి పెట్టినవంటే?"

"అందరియి పోయినంకనే దవాఖానది పోవాలె. అందరియి పోనే లేదు, పొద్దూకేదాంక."

"ఆ రోజు నువ్వు నా పక్కన్నే కూసున్నవు."

"ఊఁ."

"తాళంచెవి?"

"జేబుల్నే ఉండె."

సీడీ సంగతి కూడా చెప్పాను. బండి మీద పంపుదామని ఆ పిల్ల అడిగిందని, నేనే వద్దన్నానని. ఖైరున్నీసా అప్పుడు కళ్ళు మూసుకుంది. అరుస్తుందనుకున్నాను. వరండాలో రేణుక మీద అరిచినట్టు అరిస్తే బాగుండునని చూస్తున్నాను.

"దవాఖానను ఆఖరికి పెట్టుమని నిన్ను ఎవరన్న అడిగిన్రా?" అంది.

"లేదు."

"సోమనర్సయ్య గట్టిగ అన్నడా?"

"నవ్వులాటకు అన్నడు."

"మరెందుకు పెట్టినవు అజీ?"

"నలుగురు ఏమంటరో అని."

చాప మీద పడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో వేసుకుంది. చాలా సేపు ఏరింది. మెతుకులు అయిపోయాక కూడా చాప మీద వేలితో వెతికింది.

"ఏమన్నరు?" అంది.

"మంచోడన్నరు."

13 అక్టోబరు

ఖైరున్నీసా పొద్దున్నే బుర్ఖా వేసుకుని బయలుదేరింది. ఎక్కడికని అడిగాను. దవాఖానకు, ఆ పిల్లతో మాట్లాడాలి, ఆ పెద్దమనిషితో కూడా మాట్లాడాలి అంది.

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. గడప దగ్గర ఆగి నా కాళ్ళ వైపు చూసింది.

"నువ్వొద్దు. రూముకు పో" అంది.